అరుగు మీద మేనిఫెస్టో

డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఒక అన్న కమ్యూనిస్టు మేనిఫెస్టో నా చేతిలో పెట్టాడు. ఒక్క రాత్రిలో చదివేశాను. 1848లో ఎక్కడో లండన్లో అచ్చయిన చిన్న పుస్తకం పాలేరు పని చేసిన మా నాయన గురించే రాసినట్టుంది. ఆయనకి పోగొట్టుకోడానికి ఏముంది గనక? సెలవుల్లో మా మాలపల్లె చర్చి అరుగు మీద నలుగుర్ని కూచోబెట్టి చదివితే అందరికీ ఎక్కింది. అదీ దాని బలం. వాక్యం వాక్యం డప్పు దెబ్బలా పడుతుంది. శత్రువు ఎదురుగా ఉన్నాడు, వినేవాళ్ళంతా ఒక్కటే.

అంబేద్కర్ 'కుల నిర్మూలన' ఉద్యోగం వచ్చాక చదివాను. నిజం చెప్పొద్దూ, మొదటిసారి సగంలో ఆపేశాను. శాస్త్రాలు, స్మృతులు, వాదం మీద వాదం. అమ్మకి చదివి వినిపిస్తే కునికిపాట్లు పడింది. పైగా అది మనల్ని ఉద్దేశించి రాసింది కాదు. లాహోర్లో జాత్‌పాత్ తోడక్ మండల్ అనే సవర్ణ సంస్కర్తల సంఘం 1936 మహాసభకి అధ్యక్షోపన్యాసంగా రాసింది. వాళ్ళు ముందే చదివి జడిసి కొన్ని భాగాలు తీసెయ్యమన్నారు. ఆయన కామా కూడా మార్చనన్నాడు. సభే రద్దయింది. సొంత ఖర్చుతో 1,500 కాపీలు అచ్చేయించుకున్నాడు. పిలిచినవాళ్ళు వినని ఉపన్యాసాన్ని పిలుపులేని మనం గోడవతల నించి విన్నాం.

రెండోసారి చదివినప్పుడు ఒకచోట ఆగిపోయాను. మార్క్స్ చెప్పిన సంకెళ్ళ మాట ఎత్తి, అది కులం దగ్గర పనిచెయ్యదంటాడు అంబేద్కర్. ఇక్కడ ఒకడికి ఎక్కువ, ఒకడికి తక్కువ. ఎంత కిందోడికైనా తనకింద ఇంకొకడుంటాడు, ఆ మెట్టు పోతుందని భయం.

అప్పుడు ఆ అరుగు గుర్తొచ్చింది. నేను మేనిఫెస్టో చదివిన రోజు మాదిగగూడెం నించి ఒక పెద్దాయన వచ్చాడు. చివరిదాకా కిందే నిలబడి విన్నాడు. పైకి రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. అందరూ ఏకం కమ్మనే ఆ చివరి పిలుపు మాత్రం గొంతెత్తి చదివాను.

మేనిఫెస్టో నన్ను ఒప్పించడానికి ఒక రాత్రి చాలింది, ఎందుకంటే అది నన్నేమీ అడగలేదు. అంబేద్కర్ అడిగాడు. సవర్ణుల్ని అడిగిన ప్రశ్నే తిరిగొచ్చి నాకు తగిలింది. మా రచయితలు చాలామంది ఆ పుస్తకాన్ని పైవాడి మీదికి విసరడానికే వాడతారు. నేనూ అట్టాగే వాడాను.

ఈమధ్య ఆ అన్న బస్టాండులో కనపడ్డాడు. కులం మాటెత్తితే కార్మికులు చీలిపోతారు తమ్ముడూ అన్నాడు. కులం పనివాళ్ళని ఎప్పుడో చీల్చిందని 1936లోనే రాశాడు గదన్నా అన్నాను. అరుగు సంగతీ చెప్పాను. టీ తాగుతూ విన్నాడు. ఈలోగా ఆయన బస్సొచ్చింది.