పట్టాల నాడి పట్టే చెయ్యి

కొత్తవలస–కిరండూల్ లైనులో సొరంగాలు లెక్కపెట్టే పిల్లలకు 58 దొరుకుతాయి గానీ, సిగ్నల్ మెయింటెయినర్ కంటపడడు. ఆయన చూసుకునేది ట్రాక్ సర్క్యూట్‌ని. స్టేషన్ యార్డులో అది ఉన్నచోట ఒక చివర పట్టాలకు కొద్ది వోల్టులు ఇస్తారు, రెండో చివర రిలే అనే స్విచ్చి ఆ కరెంటును అందుకుంటుంది. బండి చక్రాలు ఎక్కగానే కరెంటు ఇరుసు గుండా తిరిగిపోతుంది, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. తీగ తెగినా ఎరుపే. ఆ ఏర్పాటు చేసిన బుర్రకు దండం పెట్టాలి!

చిక్కల్లా బండి లేకుండా ఎరుపు వెలిగినప్పుడు. అరకు ముసురుకు కంకర నానిందా, ఇనుప రజను అతుకులోని ఇన్సులేషన్ మీద పేరుకుందా, పట్టాలను కలిపే బాండ్ తీగ ఊడిందా? ఆయన ముందుగా కరెంటు ఇచ్చే చివర మల్టీమీటర్ పెడతాడు. కరెంటు పెరిగి వోల్టేజి పడిపోతే ఎక్కడో షార్టు. కరెంటే తగ్గితే ఎక్కడో తెగింది. తర్వాత వానలో పట్టా వెంట నడుస్తూ, అతుకు అతుకుకీ కొలుస్తాడు. రీడింగ్ ఒక్కసారిగా మారినచోట కూర్చుంటాడు.

అరుదుగా వాడే లూప్ లైనులో తుప్పు పట్టిందంటే కథ తలకిందులు: బండి నిలబడి ఉన్నా రిలే పడకపోవచ్చు. అప్పుడు బండి ఉన్న లైనే ఖాళీగా కనిపిస్తుంది. అందుకే మరమ్మతు అయ్యాక పట్టాల మధ్య 0.5 ఓమ్ నిరోధం పెట్టి, రిలే నిజంగా పడిందని చూశాకే ఆయన స్టేషన్ మాస్టర్‌కు, సర్క్యూట్ మళ్లీ కలిపినట్టు రీకనెక్షన్ మెమో రాసిస్తాడు.