'చెమ్మీన్' చిత్రము – మనవారి అభిప్రాయములు

కోరాపుట్టు పట్టణము సముద్రమట్టమునకు సుమారు 2,900 అడుగుల ఎత్తున నున్నది. ఇచ్చట పుట్టి పెరిగిన మన పిల్లలలో అనేకులు సముద్రమును మొదట చూచునది పెండ్లికో వైద్యమునకో విశాఖపట్టణము పోయినపుడే. సముద్రము మనయొద్దకు వచ్చుటయన్నచో సంతలోని ఎండుచేపల గంపలలోనే. అట్టి మనము ఒక పల్లెకారుని కథను గూర్చి రెండు సాయంకాలములు వాదించుకొంటిమన్న వినువారికి వింతగా తోచవచ్చును. ఆ వాదమే ఈ వ్యాసమునకు మూలము.

గత శీతకాలమున రాయగడలో మా బంధువుల యింట పదునైదుగురము కూడి 'చెమ్మీన్' అను మలయాళ చిత్రమును చూచితిమి. ఆ భాష మాలో ఎవరికిని రాదు. తెరపై క్రింద కనబడు ఇంగ్లీషు వాక్యములను మా మేనకోడలు తెలుగున చెప్పుచుండగా వింటిమి. చిత్రము ముగిసినపిమ్మట భోజనములు చల్లారినవి గాని చర్చ చల్లారలేదు. మరునాటి సాయంకాలము మరల కూర్చుంటిమి.

చెమ్మీన్ అనగా రొయ్య. తకళి శివశంకర పిళ్ళగారు ఈ పేరుగల నవలను 1956 లో ప్రకటించిరి. మరుసటి సంవత్సరమే దానికి సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. రాము కారియట్‌గారి దర్శకత్వమున అది 1965 లో చలనచిత్రమై, రాష్ట్రపతి స్వర్ణపతకమును పొందెను. దక్షిణదేశపు చిత్రమొకటి ఆ పతకమును గైకొనుట అదియే ప్రథమము. సంగీతము సలిల్ చౌధురిగారిది. విరహగీతమును పాడినవారు మన్నాడేగారు. కూర్పు హృషీకేశ్ ముఖర్జీగారిది. ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్‌లీగారు మనకు క్రొత్తవారు కారు. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) చిత్రములకు పనిచేసినవారు వారే. 'మాయాబజార్'లోని వెన్నెల పడవ విహారమును చూచి మైమరచిన మన పెద్దలు, ఇందు పరీకుట్టి రాత్రివేళ సముద్రపుటొడ్డున పాడుచు తిరుగు ఘట్టము రాగానే ఆ చేతిని పోల్చుకొనిరి.

కథ సంగ్రహముగా నిది. చెంబన్‌కుంజు అను పల్లెకారునకు స్వంతముగా పడవయు వలయు సంపాదింపవలెనని ఆశ. చాలని సొమ్మును చేపల వ్యాపారియగు పరీకుట్టి అను ముసల్మాను యువకునియొద్ద గ్రహించును. నగదుతోపాటు ఎండుచేపలను గూడ గ్రహించును. పరీకుట్టికిని చెంబన్‌కుంజు పెద్దకుమార్తె కరుత్తమ్మకును పరస్పరానురాగము కలదు. మతములు వేరగుటచే వివాహము పొసగదు. తీసికొన్న అప్పును తండ్రి తీర్చడు. కరుత్తమ్మను పళని అను తల్లిదండ్రులు లేని సాహసవంతునకిచ్చి వివాహము చేయుదురు. పాత స్నేహమును గూర్చిన అపవాదు ఆమె వెంటనే భర్త యూరికిని పోవును. తోటివారు పళనిని తమ పడవలో చేర్చుకొనుట మానుదురు. అతడు ఒంటరిగా చిన్న పడవపై పోయి, గాలమునకు చిక్కిన పెద్ద సొరచేపతో పెనుగులాడి, సుడిలో మునిగిపోవును. అదే రాత్రి కరుత్తమ్మయు పరీకుట్టియు కలిసికొందురు. పిదప వారి శవములు ఒడ్డునకు కొట్టుకొనివచ్చును.

ఈ కథకంతకు నొక నమ్మకము ఆధారము. తీరమునందలి భార్య శీలవతియైనచో కడలమ్మ భర్తను కాపాడుననియు, కానిచో మ్రింగుననియు ఆ పల్లెవారి విశ్వాసము. తల్లి చక్కి ఆ మాటను కరుత్తమ్మకు బోధించును.

ఇక మావారి అభిప్రాయములు. పెద్దలలో పలువురు చిత్రము మిక్కిలి నీతిదాయకమనిరి. శీలము తప్పిన ఫలము కన్నులకు కట్టినదనియు, ఆడపిల్లలకు చూపదగిన చిత్రమనియు వారి తాత్పర్యము. కళాశాలలో చదువు పిల్లలు అందువలననే చిత్రమును నిరసించిరి. మూఢవిశ్వాసమును రంగులలో ముంచి నిజమని నమ్మించుచున్నదని వారి ఆక్షేపణము. నవలను ఇంగ్లీషు అనువాదమున చదివిన ఒక ఉపాధ్యాయులు, నవలలోని అప్పులు, ఆకలి, పడవ యజమానుల పెత్తనము చిత్రమున పలుచబడి ప్రేమకథయే మిగిలినదనిరి. నటన విషయమున మాత్రము భేదము లేదు. కరుత్తమ్మగా షీలయు, పళనిగా సత్యన్‌యు, పరీకుట్టిగా మధుయు మెప్పు పొందిరి. పడవ చేతికి వచ్చినకొలదియు మనసు చిన్నదగు చెంబన్‌కుంజుగా కొట్టారక్కర శ్రీధరన్ నాయర్‌గారి నటనకు అందరును జోహారులనిరి.

ఇట్లు వాదము సాగుచుండగా, అంతవరకు వంటయింటి గుమ్మమునొద్ద కూర్చుండిన నా భార్య, "పడవలో ఇంకో నలుగురుంటే అతను తిరిగి వచ్చేవాడు కదండీ?" అని అడిగినది. ఎవరును వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి.

నేను మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించి గుమాస్తాగిరిలో జీవితము గడపినవాడను. సాహిత్య విమర్శ నా వృత్తి కాదు. కాని ప్రమాద నివేదికలను చాల చదివితిని. వానిలో కారణము వ్రాయు గడి యొకటి, జనులు చెప్పిన మాటలు వ్రాయు గడి యొకటి వేరువేరుగా నుండును. రెండవ గడిలోనిది మొదటి గడిలో చేరినచో పై అధికారి కాగితమును త్రిప్పి పంపెడివాడు. పళని మరణమునకు కారణమేమి? గాలమునకు చిక్కినది పెద్ద సొరచేప, పడవ చిన్నది, రెండవ మనిషి లేడు. రెండవ మనిషి ఏల లేడు? తోటివారు వెలివేసిరి గనుక. ఏల వెలివేసిరి? ఆమెతో కూడినవాని పడవ మునుగునని భయపడిరి గనుక. మునుగునని భయపడినవారే మునుగుటకు హేతువైరి. కడలమ్మ శపించినదని చెప్పుటకు కథలో జనుల నోటిమాట తప్ప వేరు సాక్ష్యము లేదు. కావున చిత్రము నీతి బోధించినదన్న పెద్దలును, మూఢత్వము బోధించినదన్న పిల్లలును ఒకే పొరపాటు చేసిరని నా మనవి. ఉభయులును పల్లెవారి తీర్పును రచయిత తీర్పుగా గైకొనిరి.

అయినను ఈ పొరపాటునకు చిత్రము కొంత బాధ్యత వహింపవలెను. పుస్తకమున ఒక నమ్మకమును చదువునపుడు, ఇది వీరి నమ్మకము అని మనసు కొంత దూరమున నిలుచును. తెరపై నొకవైపు ప్రేమికుల కలయిక, మరియొకవైపు సొరచేపతో పెనుగులాట మార్చి మార్చి చూపినపుడు, ఒకటి రెండవదానికి కారణమని కన్ను తనంతట తానే ముడివేయును. ఆ కూర్పు నేర్పుగలది. కాని ఆ నేర్పే ఆలోచనకు ఎడమీయదు. రెండవ లోపము, పేదరికము బార్ట్‌లీగారి రంగులలో అతి సుందరముగా కనబడుట. ఈ విషయమున ఉపాధ్యాయుల పలుకు న్యాయమే.

ఇది కేరళ తీరపు గొడవ యని మనము త్రోసివేయరాదు. పూరీలోని పెంటకోటలోను, గోపాలపురమునను చేపలు పట్టి జీవించు నోళియాలు తెలుగు మాట్లాడువారే. ఒడిశాలో మనవలె నివసించు తెలుగువారే. వారికి గంగమ్మ తల్లి కలదు. వారి స్త్రీలు ఒడ్డున ఊరక చేతులు జోడించి నిలుచువారు కారు. గంపలెత్తి చేపలమ్మి ఇల్లు నడుపువారు. సముద్రమున ప్రాణరక్షణ దేనివలన కలుగునో ఆ తీరమే మనకు చెప్పినది. 1999 అక్టోబరు తుపానులో ఒడిశాలో సుమారు 10,000 మంది మరణించిరి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురము సమీపమున తీరము దాటినపుడు, ముందుగనే లక్షలాది జనులను సురక్షిత స్థలములకు తరలించుటచే మృతుల సంఖ్య పదులలోనే నిలిచినది. ఈ పదునాలుగేండ్లలో మారినది స్త్రీల శీలము కాదు. హెచ్చరికయు, ఆశ్రయమును, ఒకరినొకరు విడువకుండుటయు.

ఇంత విమర్శ వ్రాసినవాడను ఒక మాట దాచుట తగదు. సుమారు నలుబదియేండ్ల క్రిందట మా వీధిలోని ఒక తెలుగు కుటుంబపు పిల్ల, మనవాడు కాని యువకునితో బస్సుకడ మాట్లాడుచుండగా చూచితిమని ఎవరో అనిరి. మాట్లాడుటకన్న అధికముగా ఎవరును చూడలేదు. అయినను నెల తిరుగకముందే ఆ యింటివారికి పేరంటపు పిలుపులు ఆగినవి. మనవి కొలది యిండ్లు. కొలది యిండ్లలో మాట త్వరగా తిరుగును. 1936 లో ఈ ప్రాంతము ఒరిస్సాలో చేరిననాటినుండి, మన భాషను మన ఆచారములను నిలుపుకొనవలెనను ఆరాటముతో మనము ఒకరినొకరు కనిపెట్టి చూచుకొనుట అలవాటైనది. ఆ అలవాటులో మేలును కలదు, కీడును కలదు. ఆ పిల్ల తండ్రి బదిలీ చేయించుకొని వెడలిపోయిన దినమున, సామానులెక్కించుటకు ఇరుగుపొరుగువారెవరును పోలేదు. నేనును పోలేదు. అది అబద్ధమని నాకు తోచుచునే యుండెను. నలుగురితో మాట ఏలయని ఊరకుంటిని. పళనిని పడవ ఎక్కనీయని వారిలో చెడ్డవాడొకడును లేడు. అందరును నావంటి వారే.

'చెమ్మీన్' లోపములు లేని చిత్రము కాదు. అయినను అర్ధశతాబ్దము గడచినపిమ్మట, సముద్రము కానరాని కొండలపై పదునైదుగురిని రెండు సాయంకాలములు కూర్చుండబెట్టగలిగిన చిత్రము సామాన్యమైనది కాదు. సోదరీసోదరులు దీనిని పిల్లలతో కలసి చూడవలెనని నా కోరిక. చూచునపుడు కడలమ్మను గూర్చి వాదించుకొనుడు, తప్పు లేదు. కాని కథ చివర, కరుత్తమ్మ చెల్లెలు పంచమి అక్క బిడ్డను ఎత్తుకొని తీరమున ఏడ్చుచు నిలుచును. మా రెండు సాయంకాలముల చర్చలో ఎవరి తప్పు అని అందరమును అడిగితిమి. ఆ బిడ్డను ఇక ఆ యూరివారు ఎవరి యింట అడుగిడనిత్తురు అని మాత్రము ఎవరమును అడుగలేదు. ఇంటికి తిరిగివచ్చు బండిలో అది నాకు తట్టినది.