పుండ్లను చూపు వ్రేలు

మన గోడలమీది క్యాలెండర్లలో యేసుప్రభువు ముఖము ఎంత చక్కగా నుండును! సిలువమీద నున్నను దేహమున మచ్చయైనను కనబడదు. నేడు అట్టిది కాని యొక చిత్రమును గూర్చి మీకు చెప్పగోరుచున్నాను.

మత్తియాస్ గ్రూనెవాల్డ్ అను జర్మను చిత్రకారుడు 1512-1516 మధ్య దానిని చిత్రించెను. అల్సాస్ సీమలోని ఈసెన్‌హైమ్ గ్రామమున అంతోనీ సన్యాసుల మఠ ముండెను. అంతోనీ అగ్ని అను వ్యాధి పట్టినవారికి వారు పరిచర్య చేయుచుండిరి. మన సజ్జకంకులకు పట్టు తేనెబంక తెగులు జాతిదే అచ్చటి రై ధాన్యమునకును పట్టును. ఆ పిండి రొట్టె తిన్నవారికి ఒడలు మండి, కాలుసేతులు నల్లబడి కుళ్లిపోవును. ఆ మఠపు గుడిలో బలిపీఠముమీద ఈ చిత్రమును నిలిపిరి.

దాదాపు తొమ్మిదడుగుల పలకమీద సిలువ. ప్రభువు దేహమంతయు పుండ్లు. వాటిలో ముండ్లు విరిగియున్నవి. వ్రేళ్లు కొంకర్లు పోయినవి. కొందరు దీనిని వికారమందురు. నిజమే. అయితే దేవుడు తన్ను విడిచెనని యెంచిన రోగి తలయెత్తి చూచినయెడల, తన బాధనే ఆయనయందు చూచును గదా!

కుడిప్రక్కను బాప్తిస్మమిచ్చు యోహాను నిలిచియున్నాడు. సిలువకు ముందే హేరోదు అతని తల గొట్టించెను. మరి ఇతడెట్లు వచ్చెను? చిత్రకారుడు పొరబడలేదు, సాక్షిగా నిలిపెను. అతని చూపుడువ్రేలు మితిమీరిన పొడవు. పాదములయొద్ద గొఱ్ఱెపిల్ల సిలువను పట్టియుండగా, దాని రొమ్మునుండి రక్తము గిన్నెలోనికి కారుచున్నది. ప్రభురాత్రి భోజనమున మన మెత్తు గిన్నెను అది జ్ఞాపకము చేయును.

ఈ పలకలో చీకటి మిక్కుటమని తప్పు పట్టవచ్చును. కాని ఇది తలుపులవలె తెరచు చిత్రము. తెరచినచో పునరుత్థానుడైన ప్రభువు వెలుగులో కనబడును. పుండ్లు లేవు, సిలువ గాయములు మాత్రమున్నవి. మూసిన తలుపులను మాత్రమే చూచినవాడు సగమే చదివినవాడు. నేడది ఫ్రాన్సు దేశపు కోల్మార్ పట్టణములో ఉంటర్‌లిండెన్ ప్రదర్శనశాలయందున్నది.

నేను సేవకు వచ్చిన క్రొత్తలో ఒక కుష్ఠరోగి యింటికి వెళ్లి, గుమ్మమునొద్దనే నిలిచి ప్రార్థించి వచ్చితిని. నా నోట ప్రభువు నామముండెను. నా పాదములు గడప దాటలేదు. యోహాను వ్రేలు నన్ను నేటికిని గద్దించుచున్నది, ఏలయనగా అతడు పుండ్ల ప్రక్కనే నిలిచి చూపుచున్నాడు.

చిత్రమునకు మ్రొక్కకుడి, అది చూపు వైపునకు నడువుడి. మీ వీధిలో జనులు దూరముంచిన మంచమేదో మీరెరుగుదురు.