కిన్నెర కట్టే చేతులు

పొదలో కొట్టిన వెదురు, పాదు మీద ఎండిన సొరబుర్ర, తేనెపట్టు పిండగా మిగిలిన మైనం. డక్కలి కులపు కళాకారుడికి ఇవి దొరికితే కిన్నెర అనే తీగవాద్యం సగం అయినట్టే. కొలబద్ద పట్టడు, శ్రుతిపెట్టె అడగడు. పాలమూరు సీమలో ఈ పని తెలిసినవాళ్లు బహు కొద్దిమంది. వాళ్ల పనితనం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

బుర్ర దగ్గరే ఉంది అసలు విద్య. కూరకు కోసే లేతకాయ పనికిరాదు. లోపల గింజలు గలగలమనేదాకా తీగ మీదే వదిలేయాలి. చేదుసొరకైతే పెంకు గట్టిగా ఉంటుందని పెద్దల మాట. ఎండిన కాయకు నోరు కోసి, గింజలు దులిపి, లోపలి పొర గీకాలి. తక్కువ గీకితే నాదం మొద్దుబారుతుంది, ఎక్కువ గీకితే పెంకు పగులుతుంది. ఎంత గీకాలో ఏ పుస్తకమూ చెప్పదు. వేలితో తట్టి, చెవికి ఆనించుకుని తేల్చుకోవాలి. అలాంటి బుర్రలు మూడు వెదురు దండె కింద కడతారు. దండెకు ముదురు వెదురే కావాలి, అదీ నీడన ఆరినది. ఎండలో పడేస్తే బీటలిస్తుంది.

ఇక మెట్లు. మైనం వేడిచేసి దండె మీద ముద్దగా అతికి, అందులో మెట్టు నిలబెడతారు. తీగ మీటి, గొంతెత్తి పాడి, సరిపోకపోతే మళ్లీ జరుపుతారు. మైనం గొప్పతనమంతా ఇక్కడే. చల్లారితే బిగుస్తుంది, వేడి తగిలితే వదులవుతుంది. పాటగాడి గొంతు ఎక్కడ పలికితే మెట్టు అక్కడికి వచ్చి నిలుస్తుంది. వెనకటి రోజుల్లో అలుగు పెంకులు మెట్లుగా వాడేవారు. అలుగును చంపడం ఇప్పుడు నేరం, నేరం కావలసిందే. ఇత్తడి మెట్లతో కూడా మంచి చేయి కిన్నెరను పలికించగలదు. తీగలకు ఒకప్పుడు నరాలు, వెంట్రుకలు పేనేవారట.

చరిత్ర అడిగేవాళ్లకు రెండు ముక్కలు. 13వ శతాబ్దపు శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో కిన్నరీ వీణలను వర్ణించాడు. పాల్కురికి సోమనాథుడి ‘బసవ పురాణం’లో కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది. కచేరీ వీణ కన్నా కిన్నెరే పెద్దదని నా నమ్మకం. ఎవరు కాదన్నా నేను మార్చుకోను.

దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర ఎత్తి జానపద వీరుడు పండుగ సాయన్న కథ అందుకుంటే ఎవరైనా నిలబడిపోవలసిందే. వేళ్లు మెట్ల మీద పరుగెడుతుంటాయి, గొంతు కథ నడుపుతుంటుంది, దండె కొసనున్న చెక్కపిట్ట తాళానికి తల ఊపుతుంటుంది. ఒక్క మనిషే గాయకుడు, వాద్యగాడు, కథకుడు! 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటతో ఆ గొంతు ఊరూరా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లల పాఠంలోకీ ఆయన వచ్చాడు. మరి 2024లో పత్రికల్లో ఏం చదివాం? ఆ మొగులయ్యే హైదరాబాద్ శివార్లలో కూలిపనికి పోతున్నాడని! పద్మశ్రీ అందుకున్న మనిషికే ఇదైతే పేరు తెలియని డక్కలి కళాకారుల గతేమిటి?

నాకు ఇంకా కోపం తెప్పించేవి బొమ్మ కిన్నెరలు. బుర్రకు రంగు పూసి, అద్దాలూ పూసలూ నెమలీకలూ అంటించి, మెట్లను జిగురుతో శాశ్వతంగా బిగించేస్తారు. జిగురు పట్టిన మెట్టు ఇక జరగదు, ఆ కిన్నెర ఏ గొంతుకూ కుదరదు. వేదిక మీద దాన్ని భుజానికి ఎత్తుకుని నిలబడతారు, వెనక కీబోర్డు మోగుతుంటుంది! జనం చప్పట్లు కొడతారు. అసలు కిన్నెర కట్టినవాడు మాత్రం ఆ సభకు పిలుపే లేక ఇంట్లో కూర్చుంటాడు. ఇది మోసం. జానపదం పేరిట జరుగుతోంది కాబట్టి మరీ పెద్ద మోసం.

సాంస్కృతిక శాఖలకు, విశ్వవిద్యాలయాలకు, ఇంట్లో కిన్నెర ఉండాలనుకునే ప్రతి ఒక్కరికీ నా మనవి ఒకటే. దుకాణంలో కొనకండి. డక్కలి ఇంటి గడప దాకా వెళ్లండి, కట్టించుకోండి, పాట కూడా నేర్చుకోండి. తొలకరికి నాటిన సొరపాదు కాయ ముదిరి, ఎండి, బుర్రగా చేతికి వచ్చేసరికి చలికాలం దాటుతుంది. అన్నాళ్లూ ఆ ఇంట్లో పొయ్యి వెలగాలి కదా! బయానా ముందే ఇవ్వండి, బేరమాడకండి.