దగ్గుకుంట ఆగిందా, తాళం తీసినట్టు ఆగిందా?

పెబ్బేరు దాటి, బీచుపల్లి వంతెన ఇంకా రాకముందే, 44వ నంబరు జాతీయ రహదారి మీద మా పెట్రోలు కారు ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. మే నెల, మిట్టమధ్యాహ్నం. స్టీరింగ్ బిగుసుకుంది. ఊపు ఉండగానే పక్కకు తీశాను. ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోలేదు. అరగంట వేపచెట్టు కింద కూర్చొని మళ్లీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. వెనక్కి మళ్లించి వనపర్తిలో ఒక షెడ్డుకు తెచ్చేసరికి బండిలో వంక పెట్టడానికే ఏమీ లేదు.

ఉస్తాద్ బానెట్ ఎత్తలేదు. "ఎట్ల ఆగింది సార్? దగ్గుకుంట, గుంజుకుంట ఆగిందా? తాళం తీసినట్టు ఆగిందా?" అన్నాడు.

తాళం తీసినట్టే అన్నాను. సగం పని ఆ ప్రశ్నలోనే అయిపోయింది. పంపు నీరసించినా, ఫిల్టర్ పూడుకున్నా పెట్రోలు ఒత్తిడి మెల్లగా పడుతుంది. బండి గుంజుతుంది, దగ్గుతుంది, తర్వాత ఆగుతుంది. తాళం తీసినట్టు ఆగిందంటే అన్ని సిలిండర్లకూ ఒక్కసారే అందాల్సినవి అందలేదని అర్థం. నిప్పురవ్వనూ పెట్రోలునూ నడిపించేది ఈసీఎం, అంటే ఇంజన్ కంప్యూటర్. దానికి కరెంటైనా తెగి ఉండాలి, ఇంజన్ తిరుగుతోందన్న కబురైనా అంది ఉండకూడదు.

ఆ కబురు మోసేది క్రాంక్ సెన్సార్, బొటనవేలంత వస్తువు. లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ చుట్ట. ఎదురుగా, మిల్లీమీటరు అటూఇటూ ఎడంలో, క్రాంక్‌తో పాటు తిరిగే పళ్లచక్రం. అరవై పళ్లకు చోటున్న ఆ చక్రానికి కావాలనే రెండు పళ్లు తీసేస్తారు. ఒక్కో పన్ను ఎదుటికి వచ్చి పోతుంటే తీగలో ఒక్కో అల పుడుతుంది. ఆ బోసి చోటు రాగానే క్రాంక్ ఎక్కడుందో ఈసీఎంకు తెలిసిపోతుంది. నిమిషానికి 2,400 చుట్లు తిరిగే ఇంజన్‌లో సెకనుకు 2,320 అలలు. అవి ఆగిన మరుక్షణం ఈసీఎం అన్నీ కట్టేస్తుంది.

అనుమానం దాని మీదే ఉన్నా ఉస్తాద్ దాన్ని విప్పలేదు. జబ్బు తన ముందు బయటపడాలన్నాడు. బండిని ఎండలో పెట్టి, బానెట్ మూసి, ఏసీ వేసి వదిలేశాడు. నేను రెండు చాయ్‌లు తాగాను. నలభై నిమిషాలకు టక్కున ఆగింది.

ఇక చేతులు చకచకా కదిలాయి. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు ఝుంయ్‌మంది: ఈసీఎం బతికే ఉంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ ఎప్పటి బరువుతోనే తిరిగింది: టైమింగ్ బెల్ట్ తెగలేదు. తెగితే సెల్ఫ్ తేలిగ్గా, వింత చప్పుడుతో తిరిగేది. కానీ మీటర్‌లో ఆర్పీఎం ముల్లు సున్నా నుంచి వెంట్రుకవాసి కూడా లేవలేదు. స్కానర్ పెడితే పీ0335 కోడ్, అంటే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపం. "కోడ్ వాడకట్టు చెప్తది సార్, ఇల్లు చెప్పది" అన్నాడు. ఆ కోడ్ వైరు కొరుక్కుపోయినా వస్తుంది, ప్లగ్గు వదులైనా వస్తుంది. అందుకే వైరును ఆ చివర నుంచి ఈ చివర దాకా మల్టీమీటర్‌తో చూశాడు. బాగుంది.

అప్పుడు గానీ పదో నంబరు పానా పట్టలేదు. ఒక్కటే బోల్టు. సెన్సార్ స్టూలు మీద చల్లారాక మీటర్‌లో 900 ఓములు. హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే అంకె మెల్లగా 1,000 దాటింది. వేడికి రాగి నిరోధం పెరగడం మామూలే. ఉన్నట్టుండి అంకె మాయమై ఓఎల్ అని పడింది, అంటే దారి తెగింది. లోపల తెగిన తీగ వేడికి విడిపోతోంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటోంది. నా వేపచెట్టు వైద్యం గుట్టు అదే.

మీ బండి ఎప్పుడైనా ఇలా ఆగితే, చల్లారకముందే ఒకసారి సెల్ఫ్ కొట్టి ఆర్పీఎం ముల్లు లేచిందో లేదో చూసుకోండి. షెడ్డులో అడిగే మొదటి ప్రశ్నలకు మీ దగ్గర జవాబు ఉంటుంది.