మిస్సింగ్ ఎక్కడుంది?

పాత అంబాసిడర్ ‘మిస్సింగ్ కొడుతోంది’ అంటూ షెడ్డుకొస్తే, పని తెలిసిన మెకానిక్ వెంటనే బానెట్ ఎత్తడు. ఇంజన్‌ని ఐడిల్‌లో ఉంచి, వెనక్కి వెళ్లి సైలెన్సర్ గొట్టం ముందు అరచేయి పెడతాడు. నాలుగు సిలిండర్ల పొగా ఒకే వరసలో చేతికి తగలాలి. ప్రతి విడతా ఒకేచోట దెబ్బ తప్పుతుంటే జబ్బు ఒక్క సిలిండర్‌ది: దాని ప్లగ్, దాని వైరు, దాని వాల్వు. ఎప్పుడు పడితే అప్పుడు తప్పుతుంటే నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని అనుమానించాలి: కాయిల్, కండెన్సర్, పాయింట్లు, కార్బురేటర్. ఒక్క స్పానర్ కూడా పట్టకముందే వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోయింది.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాతో పుట్టిన అంబాసిడర్, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో 1950ల చివరి నుంచి 2014 దాకా తయారైంది. చాలాకాలం దాంట్లో ఉన్నది 1,489 సీసీ బీ-సిరీస్ పెట్రోల్ ఇంజన్. సెన్సర్లు లేవు, కంప్యూటర్ లేదు. 3,000 ఆర్‌పీఎం దగ్గర డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు సెకనుకు వంద సార్లు తెరుచుకోవాలి. ప్రతిసారీ వేళకు నిప్పురవ్వ పడాలి. ఇంత పని చేసేవి రెండు చిన్న లోహపు మొనలు. అందుకే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఒక తరం మెకానిక్‌లు జబ్బును పట్టే పద్ధతిని చెవితో, చేత్తో సాధన చేసి నేర్చుకున్నారు.

ఆ పద్ధతిలో రెండో మెట్టు ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే పీకి చూడడం. మంచి సిలిండర్ వైరు పీకితే ఇంజన్ ఇంకా కుంటుతుంది. ఏ వైరు పీకితే తేడా రాలేదో, ఆ సిలిండర్ అప్పటికే పనిచేయడం లేదన్నమాట. ఆ వైర్లలో వేల వోల్టుల కరెంటు ఉంటుంది కాబట్టి వట్టి చేత్తో ముట్టుకోరు. రబ్బరు తొడుగున్న పట్టకారు వాడతారు.

దొరికిన సిలిండర్ ప్లగ్‌ని ఊడదీసి మొన చూస్తే సగం కథ తెలుస్తుంది. లేత గోధుమరంగు ఉంటే ఆరోగ్యం. పొడిగా నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. నూనె జిడ్డు ఉంటే రింగులో వాల్వు గైడ్లో అరిగాయి. తెల్లగా పాలిపోతే పెట్రోల్ చాలడం లేదు, లేదా ఎక్కడో గాలి తీసుకుంటోంది. మొనల మధ్య సందు 0.025 అంగుళాలుండాలి. ఫీలర్ గేజ్ లేనిచోట కొందరు హ్యాక్‌సా బ్లేడును దూర్చి చూసేవారు. దాని మందం దాదాపు అంతే.

అసలు తెలివి ఆ తర్వాతి అడుగులో ఉంది. కొత్త ప్లగ్ కొనరు. అనుమానం ఉన్న ప్లగ్‌ని పక్క సిలిండర్‌కి, పక్కదాన్ని దీనికి మారుస్తారు. మిస్సింగ్ ప్లగ్ వెంట పోతే తప్పు ప్లగ్‌దే. అక్కడే ఉండిపోతే వైరు మార్చి చూస్తారు, ఆ తర్వాత డిస్ట్రిబ్యూటర్ క్యాప్. ఒకసారికి ఒకటే మార్చాలి. కంగారుపడి ప్లగ్‌లూ, కాయిలూ, కండెన్సరూ ఒకేసారి కొత్తవి వేసేస్తే బండి బాగుపడొచ్చు గానీ, ఏది చెడిందో ఎప్పటికీ తెలియదు. పైగా, కొత్తగా కొన్న కండెన్సర్ కూడా చెడ్డదయ్యే అవకాశం లేకపోలేదు.

అందరినీ ముప్పుతిప్పలు పెట్టే జబ్బొకటుంది. ఐడిల్‌లో ఇంజన్ చక్కగా తిరుగుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే ఎగిరెగిరి పడుతుంది. చాలామంది కార్బురేటర్ విప్పి జెట్లు ఊదుతారు. కానీ డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు బిగించిన ప్లేటు స్థిరంగా ఉండదు. వాక్యూమ్ లాగినప్పుడల్లా కొద్దిగా తిరుగుతుంది. దానికి కరెంటు తెచ్చే వైరు, వేలెడు కూడా ఉండదు, ఏళ్లతరబడి అలా వంగి వంగి తొడుగు లోపలే తెగుతుంది. పైకి నిక్షేపంగా కనబడుతుంది. ప్లేటు కదిలినప్పుడు మాత్రం కరెంటు పోతుంది. క్యాప్ తీసి, పుల్లతో ఆ వైరును అటూ ఇటూ కదిపి చూసేవాడికే దొరుకుతుంది.

నిప్పురవ్వ బాగానే ఉండి సిలిండర్ పలకకపోతే కంప్రెషన్ కొలవాలి. తక్కువ చూపితే ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే ముందు హెడ్ గాస్కెట్‌నే చూడాలి. రెండింటి మధ్యనున్న సన్నని పట్టీ దగ్గర అది కాలిపోతుంది.

పాత బండ్లకు కాలం తెచ్చిన కష్టాలూ ఉన్నాయి. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోల్ వచ్చింది. సీసం రక్షణకు అలవాటైన పాత హెడ్లలో ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు త్వరగా అరిగి, ట్యాపెట్ సందు మూసుకుపోయి, వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. అది మిశ్రమాన్ని పలచన చేస్తుంది, పాత రబ్బరు గొట్టాలను దెబ్బతీస్తుంది. ఈ ఇంజన్లను నడుపుకోవాలనుకునేవాళ్లు జెట్లనూ గొట్టాలనూ ముందే చూసుకోవడం మంచిది.

కొత్త కార్లలో స్కానర్ పెడితే పీ0301 అని కోడ్ వస్తుంది: ఒకటో సిలిండర్ తప్పుతోంది. ఎందుకు తప్పుతోందో చెప్పదు. అప్పుడు మంచి మెకానిక్ ఒకటో సిలిండర్ కాయిల్‌ని రెండోదానికి మార్చి, కోడ్ పీ0302 అవుతుందా అని చూస్తాడు. అంబాసిడర్ ప్లగ్‌తో చేసిందీ అదే. ఐటీఐల్లో మోటార్ మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు స్కానర్ ఇచ్చేముందు, పాయింట్లున్న పాత ఇంజన్ ఒకటి స్టాండు మీద నిలబెట్టి, ఓ వైరు పీకి, ఏ సిలిండర్ పోయిందో విని చెప్పమనాలి.