మూడు గొంతుల పనితనం

పార్టీల చరిత్ర రాసేవాళ్లు మహాసభలనూ ఎన్నికలనూ లెక్కలోకి తీసుకుంటారు. ఏలూరు పార్లమెంటు స్థానంలో కమ్యూనిస్టు పార్టీ తరఫున 1952లో కొండ్రు సుబ్బారావు, 1962లో వీరమాచనేని విమలాదేవి గెలిచారన్న సంగతి ఆ పుస్తకాల్లో దొరుకుతుంది. కానీ తాడేపల్లిగూడెం చుట్టుపక్కల నాట్లేసే కూలీకి, కొల్లేటి లంకల్లో వల విసిరే మనిషికి అక్షరం రాని కాలంలో రాజకీయం ఏ రూపంలో చేరాలి? ఆనాటి తెలుగు కమ్యూనిస్టులు దానికి చెప్పిన జవాబు బుర్రకథ. వాళ్లు చేసినవాటన్నిటిలో నాకు అపురూపంగా తోచే పని అదే.

బుర్రకథను వాళ్లు కొత్తగా పుట్టించలేదు. ఊరూరా తిరిగి యాచించుకునే జంగాల నోటి కథనే తీసుకుని పదును పెట్టారు. రాజమండ్రి డాక్టరు గరికపాటి రాజారావు నడిపించిన పార్టీ కళాబృందం ప్రజానాట్యమండలి 1940లలో దాన్ని ఎత్తుకుంది. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’, ‘అల్లూరి సీతారామరాజు’ కథలు రాశారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గొంతులో ఆ కళ శిఖరానికి చేరింది.

కూర్పు చూడండి. నడుమ కథకుడు, భుజాన తంబురా, వేళ్లకు అందెలు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. తాళం కథకుడి చేతిలోనే ఉంది కాబట్టి దానికి వేరే మనిషి అక్కర్లేదు. వంతలు పల్లవి అందుకున్నప్పుడు అతనికి ఊపిరి తిరుగుతుంది. మైకు లేని రాత్రి, వెనక వరసకు వినపడేలా గంటల తరబడి పాడాలంటే ఆ విరామమే ప్రాణం. తెర లేదు, రంగస్థలం లేదు. ముగ్గురు మనుషులూ ఒక మూటా దోనెలో పడతారు. సుంకర, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మాభూమి’ గొప్ప నాటకమే, కానీ దానికి పెద్ద బృందం కావాలి. రోడ్డు లేని లంక గ్రామానికి బుర్రకథే తేలిగ్గా వెళ్లగలదు.

అసలు నేర్పు వంతల దగ్గర ఉంది. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథకుడు మన్యంలో 1922లో లేచిన తిరుగుబాటు చెబుతుంటాడు. పోలీసు స్టేషన్ల మీద దాడి దగ్గర లయ రెట్టింపవుతుంది, అడుగు ముందుకు పడుతుంది, జనం ఊగిపోతారు. సరిగ్గా అక్కడ పాట ఆగుతుంది. మామూలు వాడుక మాటల్లో వంత ఒక సందేహం అడుగుతాడు. కొండవాళ్ల కష్టం సరే, మన ఊళ్లో కౌలు సంగతేమిటని. వింటున్న కౌలుదారు గుండెలో మెదిలే ప్రశ్న అతని కంటే ముందే వంత నోట పలికింది. ఉపన్యాసంలో నాయకుడు అడిగించుకోడు, చెప్పేస్తాడు. ఇక్కడ జనం తరఫున అడిగే హక్కును కథ నిర్మాణంలోనే ఇమిడ్చారు. హాస్యపు వంత నవ్వించి, బరువెక్కిన మనసును మళ్లీ వినడానికి సిద్ధం చేస్తాడు.

పల్లె మాటను ఇలా నమ్ముకున్నది మనవాళ్లొక్కరే కాదు. గుంటూరు దగ్గర కాకానిలో 1934లో ఆంధ్ర కమ్యూనిస్టుల తొలి రాష్ట్ర కమిటీ ఏర్పడింది. ఇరాక్ కమ్యూనిస్టు పార్టీ పుట్టిందీ ఆ ఏడే. ఆ పార్టీ మనిషి, కవి ముజఫ్ఫర్ అల్ నవ్వాబ్ గ్రాంథిక అరబ్బీని పక్కనపెట్టి దక్షిణ ఇరాక్ పల్లె యాసలో ఎన్నో కవితలు రాశాడు. అదీ మన కొల్లేరు లాంటి నీటి సీమే, చిత్తడి నేలల నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇక్కడివాళ్లూ అక్కడివాళ్లూ పల్లె నాలుకనే నమ్ముకున్నారు.

బుర్రకథను నిషేధించిన ప్రభుత్వాలే తర్వాత కుటుంబ నియంత్రణ ప్రచారానికి దాన్ని వాడుకున్నాయి. నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వ ప్రచార కథల్లో తలపాగా, అంగరఖా, గుమ్మెటలూ అన్నీ ఉన్నాయి. వంత మాత్రం సందేహం అడగడం మానేసి, కథకుడు చెప్పిందానికల్లా తలూపుతున్నాడు.